ఉచితం - అందుబాటు: ప్రత్యేక అవసరాలున్న విద్యార్థుల దృష్టితో అంతర్జాల తెలుగు పాఠ్యవనరుల పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగు సాహిత్యగ్రంథాలు, పాఠ్యపుస్తకాలు నేడు అంతర్జాలంలో విరివిగా, ఉచితంగా లభిస్తున్నాయి. అయితే వెల లేకపోవడం వేరు, అందరికీ అందడం వేరు. చిలకమర్తి లక్ష్మీనరసింహం రచనలను ఉదాహరణగా తీసుకొని, ప్రత్యేక అవసరాలున్న విద్యార్థులకు ఈ వనరులు ఎంతవరకు ఉపకరిస్తున్నాయో పరిశీలించడం, లోపాలను సరిదిద్దడంలో తెలుగుశాఖల బాధ్యతను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అంతర్జాల వనరులు, దృష్టిలోపం, స్క్రీన్ రీడర్, యూనికోడ్, వికీసోర్స్, చిలకమర్తి.

1. ఉపోద్ఘాతం:
చిలకమర్తి లక్ష్మీనరసింహం (1867-1946) ఖండవల్లిలో జన్మించి, రాజమహేంద్రవరాన్ని కార్యక్షేత్రంగా చేసుకున్న రచయిత. చిన్ననాటి నుంచి రేచీకటితో బాధపడి, క్రమంగా చూపు పూర్తిగా కోల్పోయారు. అయినా ఇతరులచేత రాయిస్తూ సాహిత్యవ్యాసంగం కొనసాగించారు. ‘ఆంధ్ర మిల్టన్’ అన్న బిరుదుకు నేపథ్యం ఇదే. ఆయన మరణించి అరవై సంవత్సరాలు దాటినందున రచనలపై కాపీహక్కుల నిర్బంధం లేదు. అనేక గ్రంథాల స్కాన్ ప్రతులు ఆర్కైవ్ వంటి వేదికలలో ఉచితంగా దొరుకుతాయి.

అయితే రాజమహేంద్రవరంలో తెలుగు ప్రధానాంశంగా డిగ్రీ చదివే అంధ విద్యార్థి ఒకరు ‘గణపతి’ నవల స్కాన్ ప్రతిని దించుకొని స్వయంగా చదువుకోగలరా? అంధుడైన రచయిత పుస్తకమే అంధ పాఠకునికి అందకపోతే, ‘ఉచితం’ అన్న మాటకు అర్థం ఏమిటన్నదే ప్రధాన ప్రశ్న.

2. బొమ్మగా మిగిలిన పుట:
డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం వేలాది తెలుగు గ్రంథాలను కాలగర్భంలో కలవకుండా కాపాడింది. ఆ మేలు కాదనలేనిది. కాని స్కాన్ చేసిన పుట స్వభావతః ఛాయాచిత్రం. ఎన్‌విడిఎ వంటి ఉచిత స్క్రీన్ రీడర్ యూనికోడ్ తెలుగు పాఠాన్ని వినిపించగలదు. పాఠం తోడు లేని ఛాయాచిత్రం ఎదురైతే మౌనం వహిస్తుంది. కంటిచూపు ఉన్న పరిశోధకునికి గ్రంథంగా కనిపించేది, అంధ విద్యార్థికి ఖాళీ కాగితాల కట్టతో సమానం.

రెండవ అవరోధం మనం స్వయంగా కల్పించుకున్నది. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే స్థానం ఉన్నా, డీటీపీ రంగంలో యూనికోడేతర ఖతుల వాడకం నేటికీ సాగుతోంది. అటువంటి పీడీఎఫ్‌లో తెరపై తెలుగే కనిపిస్తుంది. ప్రతి తీసి వేరొకచోట అతికిస్తే అర్థంలేని రోమన్ అక్షరాలు బయటపడతాయి. స్క్రీన్ రీడర్ చదివేది ఆ అక్షరాలనే. కళాశాలలు పంచే పాఠ్యసామగ్రి, ప్రశ్నపత్రాలు, పరిశోధన వ్యాసాలు కూడా ఈ రూపంలో ఉంటే అవి పుట్టుకతోనే కొందరు పాఠకులకు దూరమవుతాయి.

ఓసీఆర్ అనే యాంత్రిక అక్షరగుర్తింపు దీనికి కొంత పరిష్కారమే గాని, తెలుగులో అది మానవ పరిశీలనను తప్పించలేదు. పాత ముద్రణలలో మ-య, ప-వ, ఘ-ఝ వంటి సామ్యాక్షరాలు తారుమారవుతాయి. ‘మతి’ ‘యతి’గా మారినా వాక్యం అర్థవంతంగానే వినిపించవచ్చు. పద్యంలో రెండవ అక్షరం తప్పితే ప్రాస చెడుతుంది. ముద్రిత ప్రతితో పోల్చుకోలేని విద్యార్థి ఆ దోషాన్ని కవికే ఆపాదించే ప్రమాదం ఉంది.

3. శ్రవణం మాత్రమే చాలునా?
ఎవరైనా చదివి వినిపిస్తే చాలునన్న అభిప్రాయం అధ్యాపకులలో తరచు వినబడుతుంది. కథాంశం తెలుసుకోవడానికి అది చాలవచ్చు. భాషాసాహిత్యాల అధ్యయనానికి చాలదు. శ-ష-స, ల-ళ భేదాలు నేటి ఉచ్చారణలో చాలావరకు మసకబారాయి. ఱ-ర భేదం, అరసున్న వినికిడికి అందవు. సంధివిభజన, యతిస్థానం గుర్తించాలంటే అక్షరం అక్షరంగా ముందుకూ వెనుకకూ వెళ్లగలగాలి. యూనికోడ్ పాఠం ఈ వెసులుబాటు ఇస్తుంది. బ్రెయిలీ తెరకు అనుసంధానిస్తే వేలికొసలతోనూ చదువుకోవచ్చు.

వినికిడిలోపం గల విద్యార్థి సమస్య దీనికి విపర్యయం. యూట్యూబ్‌లోని పద్యపఠన వీడియోలలో పాఠం తెరపై లేకపోతే అతనికి దక్కేది గాయకుని ముఖకవళికలే. నిజానికి గురులఘు చిహ్నాలతో గణవిభజన కంటికి కనిపించే గణితం. తగిన పటాలు ఉంటే అతనికి ఛందస్సు సుబోధకం కాగలదు. పఠనవైకల్యం గలవారికి అక్షరపరిమాణం, పంక్తుల ఎడం పెంచుకొనే వీలు కావాలి. స్కాన్ పుటలో బొమ్మ పెద్దదవుతుందే గాని పంక్తులు తెర వెడల్పుకు సర్దుకోవు.

4. చట్టం ఇచ్చినదీ, విడిచినదీ:
2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నిర్దిష్ట స్థాయి వైకల్యం గల విద్యార్థులకు ఉచితంగా పుస్తకాలు, ఉపకరణాలు అందించాలన్నది. అయితే ఆ నిబంధన పరిమితి 18 సంవత్సరాలు. డిగ్రీ విద్య మొదలయ్యేది సరిగా ఆ వయస్సులోనే. 2017లో ఆరంభమైన దీక్ష వేదిక ప్రధానంగా పాఠశాల విద్యకు సంబంధించినది. 2016లో ప్రారంభమైన సుగమ్య పుస్తకాలయం ముద్రణ చదవలేనివారికి ఉద్దేశించినదే అయినా, ఏ కళాశాల ఏ పాఠం నిర్ణయిస్తే అది అక్కడ సిద్ధంగా ఉండాలని ఆశించలేం. ఈ విధంగా తెలుగు సాహిత్యాన్ని ప్రధానాంశంగా ఎంచుకున్న విద్యార్థి రెండు వ్యవస్థల నడుమ నిలిచిపోతున్నాడు.

మరొక వైపు, కాపీహక్కుల చట్టానికి 2012లో జరిగిన సవరణ దివ్యాంగుల చదువు, పరిశోధనల కోసం గ్రంథాలను అనువైన రూపంలోకి మార్చి అందించడానికి అనుమతిస్తోంది. కనుక ఆధునిక కవుల పాఠ్యభాగాల విషయంలోనూ అధ్యాపకుడు వెనుకాడవలసిన పనిలేదు. లోపించింది అనుమతి కాదు, పూనిక.

5. తెలుగుశాఖల కర్తవ్యం:
వనరును సూచించే ముందు అధ్యాపకుడు చేయదగిన పరీక్ష సులభమైనది. పుటలోని ఒక పదాన్ని ఎంపిక చేసి, వేరొకచోట అతికించి, ఫోన్‌లోని స్క్రీన్ రీడర్‌తో వినాలి. ఈ మూడు మెట్లలో ఎక్కడ ఆగినా ఆ వనరు అందరిదీ కాదు.

తెలుగు వికీసోర్స్‌లో స్కాన్ పుట పక్కనే పాఠాన్ని ఉంచి, ఒకరు దిద్దినదాన్ని మరొకరు సరిచూసే పద్ధతి ఉంది. దిద్దిన పుట పసుపు రంగులోను, రెండవసారి ఆమోదం పొందినది ఆకుపచ్చ రంగులోను కనిపిస్తుంది. డిగ్రీలోని కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులో ఈ పనిని చేర్చవచ్చు. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయ పరిధిలోని శాఖలు పాఠ్యప్రణాళికలోని గ్రంథాలను పంచుకొంటే, పరిష్కరణలో శిక్షణ, తోటి విద్యార్థికి పుస్తకం ఒకేసారి సిద్ధిస్తాయి. కోనసీమ లంకగ్రామంలో సాధారణ ఫోన్‌తో చదువుకొనే విద్యార్థికీ బరువైన స్కాన్ ప్రతికంటే తేలికైన పాఠమే మేలు.

6. ముగింపు:
రాజమహేంద్రవరంలో దళితబాలలకు ఉచిత పాఠశాల నడిపిన చిలకమర్తి, ఫీజు లేకపోవడంతోపాటు తలుపు తెరిచి ఉండటమూ ఉచితవిద్యలో భాగమని ఆచరణలో చూపారు. అంతర్జాల వనరులను ఆ ప్రమాణంతోనే తూచాలి. ఎన్ని గ్రంథాలు ఎక్కించామన్న లెక్కకంటే, ఎన్నింటిని ఎవరి సాయమూ లేకుండా విద్యార్థి చదవగలుగుతున్నాడన్నదే సరైన కొలమానం. ఆనాడు చిలకమర్తి నోట వెలువడిన మాటలను రాసిపెట్టిన చేతులున్నాయి. నేడు అవే మాటలను మరొక అంధ పాఠకుని చెవికి, వేలికి చేర్చవలసిన చేతులు తెలుగుశాఖలవి.