బొమ్మల బైబిలు, పసివాళ్ల చూపు

1580లో గోవా నుండి ఫతేపూర్ సిక్రీకి చేరుకొన్న జెసూట్ మతగురువులు అక్బరు చక్రవర్తికి సమర్పించిన కానుకల్లో ఆంట్‌వెర్ప్ నగరంలో ప్లాంటిన్ ముద్రించిన బహుభాషా బైబిలు సంపుటాలు ఉన్నాయి. చక్రవర్తి తలపాగా తీసి, ఒక్కొక్క సంపుటాన్నీ ముద్దుపెట్టుకొని శిరస్సున ఉంచుకొన్నాడని ఆ బృందంలోని మాన్సరాట్టే రాసిపెట్టాడు. హీబ్రూ, గ్రీకు, లాటిను భాషలు పరిచయం లేని ఆ కొలువుకు అందులోని అక్షరం మూగది. మాట్లాడింది బొమ్మలే.

పెద్దల ఒడిలో కూర్చుని బైబిలు కథల పుస్తకం పుటలు తిప్పే నాలుగేళ్ల పిల్లవాడి స్థితి అచ్చంగా ఇదే. వాడికి బొమ్మ కథకు అలంకారం కాదు. బొమ్మే మూలపాఠం, పెద్దవాళ్లు చదివి వినిపించేది దానికి వ్యాఖ్యానం. పిల్లల బైబిలు పుస్తకాలను సమీక్షించే మనవారు మాత్రం ముందు భాషను, అనువాదాన్ని, అచ్చుతప్పులను పరిశీలించి, చివరి వాక్యంలో ‘బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి’ అని ముగిస్తారు. విచారణ తలకిందులుగా జరుగుతున్నదని నా అభిప్రాయం.

అక్బరు కొలువులోని చిత్రకారులు ఆ బొమ్మలను ఊరికే చూసి వదలలేదు. కేశవదాసు వంటివారు ఐరోపా చెక్కడాలను చూసి గీశారు. జెరోమ్ గ్జేవియర్ పాదిరీ 1602లో పారసీకంలో పూర్తి చేసిన క్రీస్తు జీవితం ‘మిరాత్ అల్ ఖుద్స్’ సచిత్ర ప్రతుల్లో పాలస్తీనా జనం మొగలు ప్రాసాదాల నడుమ సంచరిస్తారు. అక్కడక్కడ పోర్చుగీసు టోపీలూ కనబడతాయి. కాలం, దేశం కలగాపులగమైన మాట నిజమే. కానీ పరాయి కథను తమ కంటితో చూసుకొనే ధైర్యం ఆ చిత్రకారులకు ఉండేది. ఆ ధైర్యం తరువాతి శతాబ్దాల్లో సన్నగిల్లింది.

పందొమ్మిదో శతాబ్దిలో జర్మనీ చిత్రకారుడు ష్నోర్ 1852-60 మధ్య వెలువరించిన 240 కొయ్యచెక్కడాలు, ఫ్రాన్సులో గుస్తావ్ డోరే 1866లో ప్రకటించిన సచిత్ర బైబిలు ఈ రంగంలో మహత్తర కృషి అనడంలో సందేహం లేదు. ఆ శతాబ్దం ఊహించుకొన్న రూపాలే చవక రంగుల అచ్చులుగా మారి, సండే స్కూలు గోడల మీద వేలాడే పటాల చుట్టలుగా, గోడ క్యాలెండర్లుగా మన పల్లెలకు చేరాయి. 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ చిత్రంలో విజయచందర్ ధరించిన రూపం కూడా ఆ పటాల నుండి దిగివచ్చినదే. మాట విషయంలో తెలుగువారు ఇంత పరాధీనులు కాలేదు. జాషువా ‘క్రీస్తు చరిత్ర’ తెలుగు పద్యంలో నడిచి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. క్రీస్తు తెలుగు పద్యంలో ఇమిడినంత సులువుగా తెలుగు బొమ్మలో ఇమడలేదు.

అసలు తెలుగు బైబిలు అనువాదకులే ఈ పని చాలావరకు చేసిపెట్టారు. లూకా సువార్తలో బిడ్డకు చోటు దొరకనిది ‘సత్రము’లో, పడుకోబెట్టింది ‘పశువుల తొట్టి’లో. సత్రం అనగానే తెలుగు పిల్లవాడికి అరుగులు, స్తంభాలు, బాటసారుల మూటలు మనసులో మెదలుతాయి. ఎదుటి పుటలోని బొమ్మ చూస్తే మంచు కప్పిన పెంకుటింటి వంటి ఐరోపా కొట్టం! మాట ఒక దేశంలో, బొమ్మ మరొక దేశంలో. రూతు పొలంలో ఏరుకొన్నది ‘పరిగె’. గొల్యాతు మీదికి దావీదు తీసుకుపోయినది ‘వడిసెల’. జొన్నచేలో మంచె మీద నుండి పిట్టలను తోలిన పిల్లవాడికి ఆ ఆయుధాన్ని వివరించి చెప్పవలసిన పని లేదు. లండను పిల్లవాడికి చెప్పాలి.

ఇక్కడ ఒక సంగతి గమనించదగినది. పాలస్తీనా ఐరోపాకు ఎంత దూరమో, రాయలసీమకు అంత దగ్గర. నేను చెబుతున్నది కొలబద్ద మీది దూరం గురించి కాదు. రెండుచోట్లా చాలీచాలని వాన, మేకల మంద, బావి దగ్గర నీళ్ల కోసం ఎదురుచూపు, కళ్లంలో తూర్పారబట్టడం, ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుని తిప్పే తిరగలి, నూనె అయిపోతే కొండెక్కే దీపం. మార్కు సువార్తలో నలుగురు మనుషులు పక్షవాత రోగిని మంచంతో సహా ఇంటి కప్పు మీది నుండి దించుతారు. ఏటవాలు కప్పు గీసిన ఐరోపా చిత్రకారుడి బొమ్మలో ఈ ఘట్టం సర్కస్ విన్యాసంలా ఉంటుంది. మట్టి మిద్దె ఎరిగిన కర్నూలు, అనంతపురం పల్లె మనిషికి అందులో వింతేమీ లేదు: మెట్లెక్కి, మన్ను తవ్వి, దూలాల నడుమ సందు చేస్తే సరి. ఆ మిద్దెను మిద్దెగా గీస్తే పాలస్తీనాకూ న్యాయం జరుగుతుంది, మన పిల్లవాడికీ.

అందుచేత భారతీయీకరణ అనే మాటను నేను కొంత జాగ్రత్తగానే వాడతాను. గోవాలో జన్మించిన ఆంజెలో ద ఫొన్సెకా మరియమ్మకు చీర కట్టి, సొంత సమాజంలోనే విమర్శలకు గురయ్యాడు. ఆయన చిత్రాల్లోని ప్రశాంతత అనుకరణకు లొంగేది కాదు. క్రైస్తవుడు కాని జామినీ రాయ్ బెంగాలీ జానపద రేఖలో విశాలనేత్రాల క్రీస్తును నిలబెట్టాడు. వీరివి లోపలి నుండి వచ్చిన రూపాలు. కానీ తామరపువ్వు, కాషాయం, పద్మాసనం తెచ్చి అతికించినంత మాత్రాన బొమ్మ మనది కాదు. అది కూడా మరొక రకం క్యాలెండరే.

దేశం మాట అలా ఉంచితే, ఇంతకంటే గంభీరమైన లోపం మరొకటి ఉంది. పసివాళ్ల పుస్తకాల్లో అందరికంటే ఎక్కువగా కనబడేవాడు నోవహు. ఆదికాండం ప్రకారం మూడు వందల మూరల పొడవు గల ఓడ బొమ్మల్లో స్నానాల తొట్టి అంత అవుతుంది, కిటికీలోంచి జిరాఫీలు తల బయటపెట్టి నవ్వుతాయి, పైన ఇంద్రధనుస్సు. మునిగిపోయిన లోకం మాత్రం ఎక్కడా ఉండదు. పసిమనసు బెదురుతుందన్నది ప్రచురణకర్తల సమాధానం. బెదరని పిల్లలు కూడా లెక్క తప్పరు: ఓడలో ఎక్కినవి జతలు జతలు మాత్రమే అయితే, తక్కినవి ఎక్కడికి పోయాయి? ఈ ప్రశ్న పెద్దవాళ్లకంటే ముందు పిల్లలకే తోస్తుంది. బొమ్మ నవ్వుతూ ఉంటే అడగడానికి వాళ్లకు చోటుండదు. బొమ్మ కింద ‘దేవుని మాట వినాలి’ అని నీతి కూడా అచ్చువేస్తే, పుట తిప్పడం తప్ప ఒడిలో కూర్చున్నవాడికి మరో పని మిగలదు.

హాలెండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన పీటర్ స్పియర్ 1977లో వెలువరించిన ‘నోవాస్ ఆర్క్’ ఈ విషయంలో ఒక మినహాయింపు. మరుసటి ఏడాది కాల్డెకాట్ పతకం అందుకొన్న పుస్తకమిది. ఆరంభంలో పదిహేడో శతాబ్దపు డచ్చి కవిత ఒకటి అనువాదంగా ఉంటుంది. ఆ తరువాత దాదాపు అంతా బొమ్మలే. స్పియర్ నోవహు దివ్యపురుషుడు కాడు. పశువులకు మేత వేసి, పేడ ఎత్తి, అలసిపోయే ఇంటి యజమాని. అంతకంటే ముఖ్యం: ఓడ తలుపు మూసుకొన్నాక బయట నిలిచిపోయిన జంతువులను ఆయన దాచలేదు. నీరు వాటి కాళ్లను దాటి పెరుగుతూ ఉంటుంది. రక్తం లేదు, అరుపు లేదు, భయపెట్టే హంగు ఏదీ లేదు. ఆ పుట దగ్గర ఆగాలా, ముందుకు సాగాలా అన్నది చూసే పిల్లవాడి చేతుల్లోనే ఉంది.

ఆ పుస్తకం వచ్చిన సంవత్సరమే, నవంబరు 19న, దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. సొర్లగొంది వంటి తీరగ్రామాలు ఒక్క పూటలో నీటిపాలయ్యాయి. వేలాది మంది మరణించారు. అప్పుడు తాటిచెట్టును పట్టుకొని బతికి బయటపడిన పదేళ్ల పిల్ల ఇవాళ మనవలున్న అమ్మమ్మ. ఆమె ఒడిలోని పిల్లవాడు ఓడ బొమ్మ మీద వేలు పెట్టి ‘మరి మిగిలినవాళ్లు ఏమయ్యారే అమ్మమ్మా?’ అని అడిగితే, నవ్వే జిరాఫీలు ఆమెకు ఏ సాయమూ చేయలేవు. స్పియర్ పుస్తకంలో, ఆమె చెప్పదలచుకొంటే చెప్పడానికి, ఆ పుట ఉంది.