అంకె కానొల్లని అక్షరము

దాచేపల్లిలో ఎరువుల దుకాణపు బల్లమీద నుండు చిన్న క్యాలిక్యులేటరుపై ఒకటిని మూటిచే భాగించి, వచ్చినదానిని మరల మూటిచే హెచ్చించి చూచినచో, పెక్కు యంత్రములలో ఒకటికి మారుగా దశాంశబిందువు వెనుక తొమ్మిదుల వరుస కనబడును. మిరపబస్తాలను సమముగా పంచుకొను ముగ్గురన్నదమ్ములు ఆ తొమ్మిదుల నంగీకరింపరు. మూడు మూడవవంతులు కలిసిన నొకటే యని వారి కెవరును నేర్పలేదు. ఈ యెరుకను ఇంటి కంప్యూటరున కలవరచినది మ్యూమ్యాత్ అను ప్రోగ్రాము.

హవాయి దీవులలోని హోనొలూలూలో ఆల్బర్టు రిచ్, డేవిడ్ స్టౌటెమయర్ అనువారలు సాఫ్ట్ వేర్‌హౌస్ అను సంస్థ పేర 1979 ప్రాంతమున దీనిని వెలువరించిరి, మైక్రోసాఫ్టువారు విక్రయించిరి. అంతకు మునుపు, ఎం.ఐ.టి.లోని మాక్సిమా (Macsyma) వంటి యిట్టి ప్రోగ్రాములు మహాయంత్రముల సొత్తు. ఇదియో, 64 కిలోబైట్లకు మించని స్మృతిలో, అనగా నేటి ఫోనుతో దీసిన యొక్క ఛాయాచిత్రమునకును చాలని చోటులో, బీజగణితమును కలనగణితమును ఇముడ్చుకొనెను.

భాస్కరాచార్యుడు తెలియని రాశులను యావత్తావత్తనియు, కాలకమనియు, నీలకమనియు పిలిచి, విలువ తేలువరకు ఆ పేర్లనే కూడుచు తీయుచు పోయినట్లు, ఇదియు రాశిని అంకెగా గాక పదముల జాబితాగా నుంచుకొని, 'య' ఘనమునకు అవకలన మడిగిన మూడు 'య' వర్గమని అక్షరములతోనే బదులిచ్చును. ముప్పది క్రమగుణిత మడుగుడు: 33 అంకెలును ఒక్కటి విడువక ముద్రించును.

చోటు చాలని యింట సామాను సర్దుకొను ఇల్లాలి నేర్పు దీనిది. అంకగణితము, బీజగణితము, సమీకరణములు వేర్వేరు ఫైళ్లలో నుండును, కావలసినంతవరకే దింపుకొనవలెను. ప్రతి ఫైలు తోకపేరు దాని కాధారమైన ఫైలును సూచించును, ఇంటిపేరు వంశమును జెప్పినట్లు! ఇంకొక యుపాయము మరియు చతురమైనది. బ్రాకెట్ల నెంతవరకు విప్పవలెనో ఒకే సంఖ్యతో తెలుపవచ్చును: అది 2చే భాగింపబడినచో పూర్ణాంకములు, 3చే నైనచో ఏకపదములు, 5చే నైనచో మొత్తములు లోపలికి పంచబడును, 30 యిచ్చిన మూడును జరుగును, ఋణసంఖ్య యిచ్చిన, పంచుటకు మారుగా ఉమ్మడి గుణకము వెలికి వచ్చును. పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితమును పద్యమున నిమిడ్చి తెనిగించుటలో చూపిన పొదుపే యిచ్చటను కనబడుచున్నది.

సమాకలనమున మ్యూమ్యాత్ కొంత దుర్బలము. చేతగాని చోట అడిగిన ప్రశ్ననే తిరిగి ముద్రించును. తోచినది కల్పించి చెప్పుటకంటె నిదియే మేలని నా మతము.

రిచ్, స్టౌటెమయర్‌లే మ్యూమ్యాత్‌నకు వారసముగా 1988లో డెరైవు అను ప్రోగ్రామును వెలువరించిరి. 1995లో అది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌వారి టీఐ-92 క్యాలిక్యులేటరులో ప్రవేశించి విద్యార్థుల చేతికి వచ్చెను. డెరైవు విక్రయము 2007లో నిలిచిపోయినది.