రాతిలో రాత్రి

బొమ్మలు వేసేవాడికి నల్లరంగు ఉంటుంది. పలనాటి సున్నపురాయి మీద ఉలి పట్టినవాడికి చీకటి ఎక్కడ దొరుకుతుంది? అమరావతి శిల్పులు బుద్ధుడి తల్లి మాయాదేవి కలను చెక్కిన ఫలకాలు చూసినప్పుడల్లా ఆ పనితనానికి చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది. రాణి మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఉంటుంది. నాలుగు దిక్కులా లోకపాలకులు నిలబడి కాపలా కాస్తుంటారు. ఏనుగు దిగివస్తుంది. ఎవరు నిద్రలో ఉన్నారో, ఎవరు మేలుకుని ఉన్నారో చూపించారు, అంతే. రాత్రయిందని మనకే తెలిసిపోతుంది. సిద్ధార్థుడు ఇల్లు విడిచిన రాత్రిని చెక్కేటప్పుడైతే చప్పుడు కాకుండా కంథకమనే గుర్రం డెక్కలను యక్షుల అరచేతుల్లో పెట్టారు. నిశ్శబ్దానికి అంతకన్నా మంచి రూపం నేనెక్కడా చూడలేదు.

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని నందిగామ ఇళ్లలో ఇప్పటికీ అంటారు. మాయాదేవి భర్త శుద్ధోదనుడూ ఆమె కలకు అర్థం చెప్పమని బ్రాహ్మణులను పిలిపించాడు. పుట్టబోయే కొడుకు ఇంట ఉంటే చక్రవర్తి, ఇల్లు విడిస్తే బుద్ధుడు అన్నారు వాళ్లు.

ఆ మొదటి జవాబు జగ్గయ్యపేటలో దొరికింది. ధనంబోడు స్తూపాన్ని 1882లో పురావస్తు శాస్త్రవేత్త జేమ్స్ బర్జెస్ పరిశీలించాడు. అక్కడి చక్రవర్తి ఫలకం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. రాజు చెయ్యెత్తితే మబ్బుల్లోంచి చదరపు నాణేలు రాలుతున్నాయి. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, పరివారం. ఇక్కడ ఎవరికీ నిద్ర లేదు, అంతా పట్టపగలే. ఇది మాంధాత కథ అంటారు. భూమి చాలక స్వర్గానికి వెళ్లి, అక్కడ సగం సింహాసనం దక్కినా చాలక, ఇంద్రుణ్ణే తొలగించాలనుకుని కిందపడ్డ రాజు. ఈ ఫలకంలో గుర్రం చక్రవర్తి సంపద. అమరావతిలో అదే గుర్రం ఆ సంపదనంతా వదిలిపోయే దారి. ఒకదాన్ని చూశాకే రెండోదాని లోతు తెలుస్తుంది.

జగ్గయ్యపేటకు తండ్రి పేరు పెట్టిన జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు ఇటుకల కోసం తవ్వుతుంటేనే అమరావతి దిబ్బ బయటపడింది. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ వచ్చి చూశాడు. మాయాదేవి కల చెక్కిన ఫలకాల్లో ఒకటి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అసలు రాళ్లు తిరిగొచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఆ కలకూ ఈ చక్రవర్తికీ మంచి నకళ్లు చేయించి, జగ్గయ్యపేట పిల్లలు బడి నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో పక్కపక్కనే నిలబెట్టాలి.