ఇంటిపేరు బలహీనతల గడిలోకి ఎట్లా వచ్చింది? – ఇంజనీరింగ్ కాలేజీల నాయకత్వ శిక్షణపై కొన్ని ప్రశ్నలు

నందిగామ, జగ్గయ్యపేట పిల్లలు చదివే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో రెండు రోజుల నాయకత్వ శిక్షణ జరుగుతుంటే వెనక బెంచీలో కూర్చుని చూశాను. కాలేజీ పేరు అనవసరం. హైవే పొడుగునా ఏ కాలేజీలోకి వెళ్లినా దాదాపు ఇదే సరుకు. పాత పేపర్లతో గోపురం కట్టించారు. కళ్లకు గంతలు కట్టి నడిపించారు. ఆ తర్వాత తెల్లకాగితాన్ని నాలుగు గడులు చేసి బలాలు, బలహీనతలు, అవకాశాలు, అడ్డంకులు రాయమన్నారు. నా పక్కన కూర్చున్న కుర్రాడి తల్లి పత్తి తీతకు, మిరప కోతకు పోయి కొడుకుని చదివిస్తోంది. అతను బలహీనతల గడిలో మూడు రాశాడు: ఇంగ్లీషు, స్టేజి భయం, ఇంటిపేరు. శిక్షకుడు మొదటి రెండిటికీ టిక్కు పెట్టి మూడోదాని దగ్గర ఆగాడు. "ఇదేంటి నాన్నా, ఇది నీ చేతుల్లో లేనిది గదా. నువ్వు మార్చుకోగలిగినవి రాయి" అన్నాడు. కుర్రాడు ఆ మాట కొట్టేశాడు.

ఆ కొట్టివేత గురించే ఈ వ్యాసం.

శిక్షకుడు దుర్మార్గుడేమీ కాదు. నెమ్మదైన మనిషి, పిల్లలతో బాగానే మాట్లాడాడు. కానీ ఆయన మోసుకొచ్చిన సిద్ధాంతంలో నాయకుడంటే తనను తాను మార్చుకునేవాడు. మార్చాల్సింది బయట ఉందని ఎవరైనా అంటే అది సాకు, లేదా 'నెగటివ్ థింకింగ్'. అంటే ఊళ్లో ఇంటిపేరు అడిగి దూరం జరిగేవాడి జబ్బు కూడా, అడిగించుకున్నవాడి బలహీనతగానే లెక్కకు వస్తుంది. దాన్ని కూడా రాయనివ్వకపోతే ఇక అది ఎక్కడా లేనట్టే!

ఇది ఒక్క శిక్షకుడితో పోయేది కాదు. పాఠ్యప్రణాళికలోనే ఉంది. ఏఐసీటీఈ 2018 నమూనా పాఠ్యప్రణాళికతో మొదటి సంవత్సరం పిల్లలకు మూడు వారాల ప్రవేశ కార్యక్రమం వచ్చింది, దానిలో భాగంగా 'యూనివర్సల్ హ్యూమన్ వాల్యూస్' వచ్చింది. దీనికి వాడే ప్రధాన పుస్తకం గౌర్, సంగల్, బాగారియాలు రాసింది. మూలం అమర్‌కంటక్‌కు చెందిన ఎ. నాగరాజ్ 'జీవన్ విద్య'. మనుషుల్ని ఎందుకు అగౌరవపరుస్తామో చెప్పడానికి అందులో ఒక పట్టిక ఉంది: లింగం, వయసు, జాతి, దేహబలం, డబ్బు, పదవి, వాదాలు, మత శాఖలు. ఈ దేశంలో అగౌరవానికి పుట్టిల్లయిన కులానికి ఆ పట్టికలో సొంత శీర్షిక లేదు. వస్తే గిస్తే జాతి అనే మాట చాటున రావాల్సిందే. పైగా సామరస్యానికి తొలి బడి కుటుంబమట. కులం నిలబడేది కులంలోపలి పెళ్లి మీదేనని అంబేడ్కర్ 1916లోనే కొలంబియాలో చదివిన పత్రంలో తేల్చాడు. ఆ పెళ్లి కుదిరేది ఏ బడిలోనో వేరే చెప్పక్కర్లేదు.

ఒక మాట స్పష్టం చేయాలి. ఇంగ్లీషూ, వేదిక మీద నిలబడి మాట్లాడటమూ మన పిల్లలకు కావాలి. ఇంగ్లీషు అక్కర్లేదని ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషుల్ని నమ్మక్కర్లేదు, వాళ్ల పిల్లలు ఎక్కడ చదివారో చూస్తే చాలు. జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి ఉంది, సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. అక్కడ ఇంటర్వ్యూకి పోయిన పిల్లవాడు నాలుగు మాటలు ధైర్యంగా మాట్లాడగలగాలి. దానికి భాషా శిక్షణ అని పేరు పెట్టండి, ఎవరూ కాదనరు. నాయకత్వం అని ఎందుకంటున్నారన్నదే ప్రశ్న.

ఎందుకంటే నిజమైన నాయకత్వం ఉండాల్సిన చోటు ఖాళీ చేసి పెట్టారు. ఉమ్మడి రాష్ట్రంలో 1980ల చివర్లో కాలేజీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆపేశారు. లింగ్డో కమిటీ సిఫారసులను 2006లో సుప్రీంకోర్టు ఆమోదించినా మన ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల దాకా ఆ గాలి రాలేదు. అక్కడ క్లాస్ రిప్రజెంటేటివ్‌ని లెక్చరరే నియమిస్తాడు. తోటివాళ్లు ఎన్నుకోని, తోటివాళ్లకు జవాబు చెప్పక్కర్లేని నాయకుడు! ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైందని హాల్‌టికెట్ ఆపితే పదిమందిని కూడగట్టి ప్రిన్సిపాల్ గది ముందు నిలబడేవాణ్ణి 'క్రమశిక్షణ లేనివాడు' అంటారు. కాగితపు గోపురం ఎత్తుగా కట్టినవాడికి సర్టిఫికెట్ ఇస్తారు. విద్యాసంస్థల్లో వివక్షను అడ్డుకోడానికి యూజీసీ 2012లో నిబంధనలు తెచ్చింది. రెండు రోజుల్లో వాటి ఊసు ఒక్కసారి రాలేదు. ధోనీ మాత్రం నాలుగుసార్లు వచ్చాడు.

నాయకత్వానికి ఉదాహరణలు కావాలంటే అంత దూరం పోనక్కర్లేదు. పక్కనే బెజవాడ ఉంది. 1917 నవంబరులో అక్కడ జరిగిన మహాసభకు మొదట పెట్టిన పేరు పంచమ సభ. అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ ఆ పేరే ఒప్పుకోలేదు. ఇతరులు అంటగట్టిన పేరు మాకెందుకు, మేం ఈ నేల మొదటి మనుషులమన్నారు. ఆ సభ ఆది ఆంధ్ర మహాసభ అయింది. పేరు బరువైతే, ఆ బరువు పెట్టినవాణ్ణి నిలదీశారు. ఇప్పటి శిక్షణ ఏం చేస్తోంది? నూరేళ్లు దాటాక ఒక కుర్రాడు అదే బరువుని కాగితం మీద పెడితే కొట్టేయమంటోంది.

జగ్గయ్యపేట బౌద్ధ స్తూపంలో దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. రెండు వేల ఏళ్ల నాటిది. చక్రం, ఏనుగు, గుర్రం, మణి, అన్నీ ఆయన చుట్టూ ఉంటాయి. జాతక కథలో ఈయన భూమి చాలక స్వర్గానికి పోతాడు, ఇంద్రుడు సగం సింహాసనమిస్తే అదీ చాలక మొత్తం కావాలనుకుంటాడు, ఆ ఆశతోనే కిందపడతాడు. బౌద్ధులు చక్రవర్తి బొమ్మ చెక్కినా పతనం కథ దాచలేదు. మన శిక్షణలు ఎక్కే మెట్లే చూపిస్తాయి, అదీ ఒంటరిగా ఎక్కేవి.

శిక్షణ ముగిశాక కాలేజీ బస్సు పిల్లల్ని దించుకుంటూ ఇదే రోడ్డు మీద పోతుంది. ఈ రోడ్డు మీదే కంచికచర్ల ఉంది. దొంగతనం అంటగట్టి కోటేశు అనే దళిత యువకుణ్ణి 1968లో సజీవంగా తగలబెట్టిన ఊరు. 2013లో చనిపోయిన కలేకూరి ప్రసాద్‌ది ఆ ఊరే. ఆ మంటను తెలుగు కవిత్వంలోకి తెచ్చి నిలబెట్టినవాడు. బస్సులో పిల్లల్ని అడిగాను. కోటేశు పేరు ముగ్గురికి తెలుసు, ముగ్గురూ పల్లె పిల్లలే. ఎవరు చెప్పారంటే ఇంట్లో ముసలాళ్లు చెప్పారన్నారు.

బలహీనతల గడిలో ఇంటిపేరు రాసిన కుర్రాడు రెండోరోజు మధ్యాహ్నం నుంచి కనపళ్లేదు. ఖాతాలకు ఆధార్ లింకు కాక స్కాలర్‌షిప్పు ఆగిపోయిన ఆరుగురు జూనియర్లను వెంటేసుకుని నందిగామ బ్యాంకుకి పోయాడని తర్వాత తెలిసింది. హాజరు పట్టీలో ఆబ్సెంటు వేశారు. అతనికి సర్టిఫికెట్ రాలేదు.