కరిసల్ కథలో తలుపు, వాన, సముద్రము

కోవిల్పట్టి, విరుదునగరము ప్రాంతములందలి నల్లరేగడి నేలకు తమిళమున ‘కరిసల్’ అని పేరు. ఈ నేలను తమిళ సాహిత్యమున సుస్థిరముగ నిలిపిన కథకుడు కి. రాజనారాయణన్ (1923–2021). కోవిల్పట్టికి చేరువనున్న ఇడైసెవల్ ఆయన జన్మగ్రామము. ఇంటి భాష తెలుగు. తెలుగువారి వలసను ఇతివృత్తముగ గైకొన్న ‘గోపల్ల గ్రామం’ 1976లో వెలువడినది. దానికి కొనసాగింపైన ‘గోపల్లపురత్తు మక్కళ్’ అను నవలకు 1991లో సాహిత్య అకాడమి పురస్కారము లభించినది. ఈ రచనలను మనవారు తరచుగ భాషాభిమానముతో, వలసచరిత్రపై గల ఆసక్తితో చదువుదురు. అది యుక్తమే. కాని మనుజుని రక్షణ యెందున్నదను ప్రశ్న కూడ వానియందు గలదు. ఆ ప్రశ్నను విచారించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

‘గోపల్ల గ్రామం’లో ఆపద పాలకుల వలన వచ్చును. ఒక కన్య మానము కాపాడుటకై బంధుజనమంతయు ఊరు విడిచి దక్షిణమునకు సాగి, అడవి కొట్టి, పొలము చేసికొని నిలుతురు. దొరతనమునకు దూరమైన నేలయే వారికి కోట. అయితే ఆ కోటకు ఒక లోపము కలదు. అది వానమీద ఆధారపడిన మెట్టనేల. ఈశాన్య ఋతుపవనము కరుణించిననే పంట. ఆ వానకు పుట్టిల్లు సముద్రము. పాలకుని కంటబడకుండ తప్పించుకొన్నవారు సముద్రము చేతిలోనుండి తప్పించుకొనలేదు.

ఈ సత్యము ఆయన తొలినాటి కథ ‘కదవు’లో మిక్కిలి స్పష్టముగ గోచరించును. కదవు అనగా తలుపు. తండ్రి పనికై పొరుగూరు పోయినాడు. తల్లి కూలికి పోవుచున్నది. పిల్లలు ఇంటి తలుపునే బండిగ జేసి ఊగి యాడుకొందురు. వానలు లేక తీరువ బాకీపడగా తలారి వచ్చి ఆ తలుపును ఊడదీయించి కొనిపోవును. తలుపు లేని యింటిలోనికి చొరబడిన చలిగాలికి చంటిబిడ్డ బలియగును. తుదకు పిల్లలు ఆ తలుపును చావడి వెనుక కనుగొని కౌగిలించుకొందురు.

ఇది పేదరికపు కథయే గాని ప్రకృతి కథ కాదని కొందరు ఆక్షేపింపవచ్చును. ఆ ఆక్షేపణలోనే కథ యొక్క గొప్పతనము గలదు. వాన తలుపును కొనిపోలేదు, తీరువ కొనిపోయినది. అనావృష్టి కొరతను మాత్రమే తెచ్చును. ఆ కొరతను బిడ్డ చావుగ మార్చునది మనుష్యుల ఏర్పాటు. రచయిత ఉపన్యసింపక, ఒక్క తలుపు చేతనే ఈ భేదమును నిరూపించినాడు.

నేడు ఈ కథకు క్రొత్త అర్థము చేకూరినది. 1951–2015 నడుమ ఉష్ణమండల హిందూమహాసముద్రపు ఉపరితలము సుమారు ఒక సెల్సియస్ డిగ్రీ వేడెక్కినది. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు 7 శాతము అధికముగ నీటియావిరిని మోయగలదు. ఈ సముద్రపు పడమటి, తూర్పు భాగముల ఉష్ణోగ్రతలలోని తారతమ్యము కూడ మన వానలను మార్చుచుండును. తూర్పుభాగము వేడెక్కిన 2016లో తమిళనాట ఈశాన్య ఋతుపవన వర్షము సుమారు 62 శాతము తగ్గినది. పడమటి భాగము వేడెక్కిన 2023లో డిసెంబరు 17, 18 తేదీలయందు తూత్తుకుడి జిల్లా కాయల్పట్టణమున ఒక్క దినములో సుమారు 95 సెంటీమీటర్ల వాన కురిసినది. శ్రీవైకుంఠము స్టేషనులో ఒక రైలు దాదాపు 800 మంది ప్రయాణికులతో చిక్కుకొన్నది. కోవిల్పట్టి ఆ జిల్లాలోనిదే. ఏ ఒక్క వర్షమునకును సముద్రతాపమొక్కటియే కారణమనరాదు. కాని ఎండిన ఏడును మునిగిన ఏడును ఒకే సముద్రముతో ముడివడియున్నవి.

ఈ ప్రాంతపు జీవనోపాధిలో మరియొక విచిత్రము గలదు. ఎండ వలన పంట దక్కనిచోట ఆ ఎండయే పెట్టుబడియైనది. కోవిల్పట్టి, సాత్తూరు, శివకాశిలలో అగ్గిపెట్టెల పరిశ్రమ వర్ధిల్లుటకు పొడిగాలి ఒక ముఖ్యకారణము. తేమ పెరిగినచో పుల్లలు ఆరవు. పని నిలిచినచో లెక్కకు కూలి పొందు స్త్రీలకు ఆనాటి కూడు లేదు. కరవు చేనును గొట్టును. అకాలవర్షము అగ్గిపెట్టెను గొట్టును.

ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2007లో తొలిసారిగ వాతావరణ సమస్యను చర్చించినది. 2021 డిసెంబరులో దీనిని భద్రతావిషయముగ గుర్తింపగోరిన తీర్మానమును భారతదేశము వ్యతిరేకించినది. ఇది అభివృద్ధికి సంబంధించిన విషయమనియు, దానికి వేరు వేదిక గలదనియు వాదించినది. ఈ సమస్యను సైనికదృష్టితో చూడరాదనుట సమంజసమే. అయినను ‘కదవు’ చదివినవాడు, గడప కాపులేని దేశమునకు సరిహద్దు కాపు చాలునా అని ప్రశ్నింపక మానడు.

2017 జనవరిలో తమిళనాడు ప్రభుత్వము అన్ని జిల్లాలను కరవుప్రాంతములుగ ప్రకటించి భూమితీరువను రద్దుచేసినది. సముద్రము మారలేదు, వాన రాలేదు. కాని తీరువకై తలుపు తీయు తలారి రాలేదు. కరిసల్ కథ మనకు నేర్పు పాఠమిదియే. సముద్రమును శాసించుట ఎవరి తరమును కాదు. తలుపును నిలుపుట మాత్రము మన చేతిలోని పని.