సరస్సు కన్న మెరుపు

అంటారియో సరస్సా, వేసవి పొడుగునా తాగిన ఎండను నువ్వు ఒక్కసారిగా వదులుకోవు. నవంబరు వచ్చి ఒడ్డున నేల బిగుసుకుపోతున్నా నీ కడుపులో వెచ్చదనం ఉంటుంది. 244 మీటర్ల లోతున్నదానివి. లోతు తక్కువైన ఈరీ సరస్సు మీద నడి చలికాలానికి మంచు పలకలు పరుచుకుంటాయి. నీ నీళ్లు మాత్రం చాలామట్టుకు కదులుతూనే ఉంటాయి.

కెనడా మీదుగా ధ్రువపు గాలి దిగివస్తుంది. నీ నీటికీ, కిలోమీటరున్నర ఎత్తున గాలికీ 13 డిగ్రీలైనా తేడా ఉంటే ఇక నీ ఆవిరి ఆగదు. పడమటి గాలి నీ 300 కిలోమీటర్ల పొడుగునా నడిచిన రోజున ఆ ఆవిరంతా ఒకే మబ్బు బారుగా కూడుకుని, తూర్పున టగ్ హిల్ మెట్ట ఎక్కి మంచై కురుస్తుంది.

అయినా ఆ మంచు మబ్బులో మెరుపు అంత సులువుగా పుట్టదు. సున్నా దాటి చల్లబడ్డా గడ్డకట్టని నీటి చుక్కలు ఆ మబ్బులో ఉంటాయి. రాలుతున్న మంచు రేకుకు తగిలిన చోటే అవి అంటుకుని గడ్డకడతాయి. ఒకదాని మీద ఒకటి పడగా పడగా రేకు అందం చెరిగిపోయి, సగ్గుబియ్యపు గింజలాంటి తెల్లని గుళిక మిగులుతుంది. వేళ్ల మధ్య నలిపితే పొడైపోయే గుళిక! బరువెక్కి అది దిగుతుంటే, పైకెగసే గాలితో సన్నని మంచు స్ఫటికాలు ఎదురొస్తాయి. మైనస్ 10, మైనస్ 20 డిగ్రీల నడుమ ఆ రెండూ ఒరుసుకున్నప్పుడు సాధారణంగా గుళికకు రుణావేశం, స్ఫటికానికి ధనావేశం దక్కుతాయి. ఒకటి దిగువకు, ఒకటి ఎగువకు. లెక్కలేనన్ని రాపిడుల తరవాత ఆ ఎడబాటును గాలి ఇక భరించలేదు.

చలి ముదిరేకొద్దీ మెరుపులు పెరుగుతాయనుకుంటాం. కాదు. మరీ చల్లనైతే చుక్కలన్నీ ముందే మంచైపోతాయి, గుళికలు కట్టవు. మబ్బు పొట్టిదైతే ఆవేశాలు విడిపోయే చోటుండదు. వేసవి ఉరుముల మబ్బులు 10 కిలోమీటర్లు దాటి లేస్తాయి. నీవి మూడు నాలుగు కిలోమీటర్లు లేస్తే అదే గొప్ప. ఆ కొద్దిపాటి ఎత్తులో, ముఖ్యంగా నీ వెచ్చదనం ఇంకా తగ్గని చలికాలపు తొలినాళ్లలో, నువ్వు మెరుపును కంటావు. అంత ఇరుకులో పుట్టిన వెలుగుకు చేతులెత్తకుండా ఎలా ఉండను?

దాని ఉరుము దూరం పోదు, కురిసే మంచు మింగేస్తుంది. వినబడిందంటే మెరుపు నెత్తి మీదే ఉన్నట్టు; ఇంట్లోకి పరుగెత్తాల్సిందే.

టగ్ హిల్ మీద గాలిమరలున్నాయి. మబ్బు బాగా కిందికి దిగి ఉంటుంది గనక, ఒక్కోసారి వాటి కొనల నుంచే మెరుపు పుట్టి మబ్బులోకి ఎగబాకుతుంది. నేల నుంచి ఆకాశానికి కొమ్మలు వేసే ఆ వెలుగుకు నమస్కారం. 2022-23 చలికాలంలో రాడార్లు మోసుకొచ్చి, నీ తూర్పు ఒడ్డున ఆ మంచులోనే దానికోసం కాపుకాసిన శాస్త్రవేత్తలకూ నమస్కారం.