కాలవ కింద చేనుకు బోరెందుకు?

రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం లాంటి సంస్థకు పుస్తకాల సైటు కట్టాలంటే ఏం కావాలి? వెతికే పెట్టె, నాలుగు రకాల పేజీలు, కంటికి ఇంపైన తెలుగు అక్షరాలు. ఇంతమాత్రం పనికి రూబీ ఫ్రేమ్‌వర్క్ రైల్స్ మొదలుపెట్టినవాళ్లు తొలిరోజే జావాస్క్రిప్ట్ కోసం వీట్ (Vite) సర్వర్‌నూ, నోడ్ ప్యాకేజీల మోపునూ పక్కన చేర్చుకోవడం కాలవ కింద చేనుకు బోరు వేయించడమేనని నా అభిప్రాయం. రైల్స్ నడిచివచ్చిన దారే ఇందుకు సాక్ష్యం. 2011లో రైల్స్ 3.1తో స్టైల్, స్క్రిప్టు ఫైళ్లను సర్దిపెట్టే స్ప్రాకెట్స్ వచ్చింది. 2019లో 6.0 వెబ్‌ప్యాకర్‌ను నెత్తికెత్తుకుంది. 3000 పోర్టులో రైల్స్, 3035లో వెబ్‌ప్యాక్ సర్వర్, రెండు టెర్మినళ్లు మామూలైపోయాయి. 2021 డిసెంబరులో 7.0 జావాస్క్రిప్ట్ ఫైళ్లను కట్ట కట్టకుండా విడివిడిగానే బ్రౌజరుకు అందించే ఇంపోర్ట్ మ్యాప్స్ వైపు మళ్లింది, వెనువెంటనే వెబ్‌ప్యాకర్‌కు సెలవిచ్చేశారు. 2024లో 8.0తో ప్రాప్‌షాఫ్ట్ కొత్త అప్లికేషన్లలో స్ప్రాకెట్స్ స్థానంలోకి వచ్చింది. ఇది ముఖ్యంగా చేసేవి రెండే పనులు: ఫైలు ఎక్కడుందో కనిపెట్టడం, లోపలి సరుకును బట్టి దాని పేరుకు ఒక ముద్ర తగిలించడం.

ఆ ముద్ర విలువ తెలుగు సైటుకు బాగా తెలుస్తుంది. గుణింతాలకూ ఒత్తులకూ వందల రూపాలు కావాలి కనుక మండలి, గిడుగు వంటి తెలుగు ఫాంట్లు చిన్న జావాస్క్రిప్ట్ కంటే బరువైనవి. స్టైల్‌షీట్‌లో రాసిన ఫాంటు చిరునామాకు ప్రాప్‌షాఫ్ట్ తానే ముద్ర చేరుస్తుంది. ఫాంటు మారితేనే పేరు మారుతుంది, కాబట్టి ఏడాదిపాటు దాచుకోమని బ్రౌజరుకు నిర్భయంగా చెప్పొచ్చు. కోనసీమలో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట ఫోనులో చదివేవారికి అక్కరకొచ్చేది ఇదే. వీట్ ఇచ్చే, సేవ్ చేయగానే తెర దానంతటదే మారే సౌఖ్యం రాసేవాడిది, చదివేవారిది కాదు.

భీమవరం, కాకినాడ కాలేజీల పిల్లలకు రియాక్ట్ రాకపోతే ఉద్యోగాలెలా అంటారు. నేర్చుకోవాల్సిందే. తెర నిండా కదిలే భాగాలుంటే వీట్ పెట్టుకోండి. ప్రాక్‌ఫైల్‌లో రెండు వరుసలు రాస్తే ఫోర్‌మన్ రెండు సర్వర్లనూ ఒకే ఆదేశంతో లేపుతుంది. దీనికంటే గట్టి అభ్యంతరం మరొకటుంది: జావాస్క్రిప్ట్‌ను కట్ట కట్టకపోతే ఒక ఫైలు ఇంకోదాన్ని, అది మరోదాన్ని పిలుస్తూ పోతాయి. హెచ్‌టీటీపీ 2 ఒకే కనెక్షన్ మీద అనేక ఫైళ్లు మోస్తుంది గానీ ఈ గొలుసు నిరీక్షణను తప్పించలేదు. ప్రీలోడ్ కొంత ఆదుకుంటుంది. అదీ చాలనప్పుడు కట్ట కట్టే ఈఎస్‌బిల్డ్ తెచ్చుకోవాలి, ఒప్పుకుంటాను. అయితే అది కొలిచి చూశాక తీసుకునే నిర్ణయం.

ఒక్క సర్వర్‌తో సరిపెట్టుకునేవారికీ ఒక చిక్కుంది. సొంత ల్యాప్‌టాప్‌లో అసెట్స్ ప్రీకంపైల్ నడిపి వదిలేస్తే, పబ్లిక్ ఫోల్డరులో మిగిలిన పాత నకళ్లే వడ్డన అవుతుంటాయి. స్టైల్ ఎంత మార్చినా పేజీ చలించదు. ఇక్కడ చాలామంది నింద బ్రౌజరు మీద వేస్తారు. అసెట్స్ క్లాబర్ నడిపి, సర్వర్‌ను మళ్లీ లేపితే సరిపోతుంది.